బరువు మనుషులు

ఎనభైల్లో మా వైపు జరిగిన ట్రాక్టర్ పోటీల గురించి ఎవరైనా ముచ్చటగా చెప్పుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈమధ్య ఒక పెళ్ళి భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దమనిషి గారె తుంచుకుంటూ, "అప్పట్లో మన నూజివీడు పోటీలంటే పోటీలండీ. ఎంత పద్ధతిగా జరిగేవి, ఎన్ని రూల్సు పెట్టేవాళ్ళు" అన్నాడు. నేను పెరుగు రాకుండానే విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను. ఆ రూల్సు రాసింది నేనే. అవి ఎంత పద్ధతిగా జరిగాయో నాకు తెలుసు.

మామిడి కోతలు అయిపోయి, వానలు పడి దుక్కులు మొదలయ్యే లోపు ట్రాక్టర్లకు పదిహేను ఇరవై రోజులు పెద్దగా పని ఉండదు. ఆ ఖాళీలో పెట్టేవాళ్ళు ఈ పోటీ. రెండు ట్రాక్టర్లను ఒకదానికి ఒకటి వీపు పెట్టి నిలబెడతారు. మధ్యలో ఇనప గొలుసు కడతారు. జెండా ఊపగానే రెండూ చెరో వైపు లాగాలి. నేల మీద సున్నంతో గీసిన గీత దాకా అవతలి బండిని ఎవరు ఈడ్చుకొస్తే వాళ్ళు గెలిచినట్టు. చూడ్డానికి పిల్లలు తాడు లాగే ఆటలాగే ఉంటుంది. కాకపోతే ఇక్కడ లాగేవి టన్నుల బరువున్న యంత్రాలు. గొలుసు తెగితే అది ఎవరిని కొడుతుందో ఎవరూ చెప్పలేరు.

నాకప్పుడు ముప్పై ఏళ్ళు. హనుమాన్ జంక్షన్‌లో ఒక షెడ్డులో పని నేర్చుకుని, నూజివీడు వచ్చి సొంతంగా ట్రాక్టర్ రిపేరు షెడ్డు పెట్టుకున్నాను. పోటీ కమిటీకి పెద్ద ఒక మామిడి వ్యాపారి. ఊళ్ళో కమీషన్ కొట్టు, ఆగిరిపల్లి రోడ్డులో కాయలు దించే యార్డు, ఒక ఎర్ర ట్రాక్టరు ఉండేవి ఆయనకు. పోటీ జరిగేది ఆయన యార్డులోనే. ఆయన ఎర్ర ట్రాక్టరు కూడా పోటీలో ఉండేది. కమిటీ పెద్దే పోటీదారు ఎలా అవుతాడని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. నా షెడ్డుకొచ్చే బళ్ళలో సగం ఆయన చెప్తే వచ్చేవే.

అంతకు ముందటేడు పోటీలో గొలుసు తెగి, గట్టు మీద మేస్తున్న మేకను చంపింది. పోయింది మేకే కదా అని అందరూ నవ్వుకున్నారు. అయినా లోపల ఎక్కడో భయం పట్టుకున్నట్టుంది. ఆ ఏడు నన్ను పిలిచి రిఫరీగా ఉండమన్నారు, రూల్సు రాసిపెట్టమన్నారు. నన్ను ఒకరు అలా పిలిచి కుర్చీ వేసి అడగడం అదే మొదటిసారి. ఉబ్బిపోయాను.

రెండు రోజులు కూర్చుని రాశాను. తెగినా ఎగిరి కొట్టకుండా గొలుసు పొడుగునా తడి గోనెసంచులు వెయ్యాలి. జనం నలభై అడుగుల అవతల, తాడు వెనక నిలబడాలి. గొలుసు కొక్కెం ట్రాక్టర్ వెనక కింద ఉండే కడ్డీకే తగిలించాలి, అంతకంటే పైన ఎక్కడా తగిలించకూడదు. డ్రైవరు ఎడమ కాలు క్లచ్ మీద నుంచి తియ్యకూడదు. రిఫరీ ఈల వినబడితే ఎవరు గెలుస్తున్నా సరే ఇంజను ఆపెయ్యాలి. చివరిగా, ట్రాక్టర్ మీద డ్రైవరు తప్ప ఇంకో మనిషి ఉండకూడదు.

వ్యాపారి కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివాడు. ప్రతి రూలుకీ తలాడించాడు. చివరి దాని దగ్గర ఆగి, జేబులో పెన్ను తీసి కొట్టేశాడు.

"ఇదేంటయ్యా, మనుషులు లేకపోతే బండి ముందు లేచిపోదా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. వెనక బరువు ఎక్కువైతే ట్రాక్టర్ ముందు చక్రాలు నేల వదిలేస్తాయి. మా వైపు దానికి అందరూ చేసే పని ఒకటే. ముందు బంపరు మీద నలుగురు కూలీలను కూర్చోబెడతారు. వాళ్ళు బానెట్‌ను పట్టుకుని వేలాడుతూ ఆ ముందు భాగాన్ని తమ ఒంటి బరువుతో కిందికి అణచిపెడతారు. పొలం గట్టెక్కేటప్పుడూ అదే, కలప లాగేటప్పుడూ అదే. ట్రాక్టర్ కొన్నప్పుడు ముందు బిగించడానికి ఇనప దిమ్మలు కూడా దొరుకుతాయి. ఎవరూ కొనరు.

"దిమ్మలు లేకపోయినా ఇసక బస్తాలు కట్టొచ్చండీ" అన్నాను. "మామిడి పెట్టెల్లో పెట్టి తాడుతో బిగించేద్దాం. నేను చేసిస్తాను."

"ఇసక బస్తా జారి పడిందనుకో, మళ్ళీ ఎవడెక్కిస్తాడు? మనిషైతే వాడే లేచి ఎక్కుతాడు. ఎప్పుడు ముందుకి వంగాలో, ఎప్పుడు పక్కకి జరగాలో బస్తాకి నువ్వు చెప్తావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

అక్కడితో అయిపోయిందా అంటే కాలేదు. ఆగిరిపల్లి వైపు తోటలు కౌలుకు తీసుకునే ఆసామి ఒకాయన తన నీలం ట్రాక్టర్ తెస్తున్నాడు. ఆయనకు ఒక అభ్యంతరం వచ్చింది.

"మీ యార్డులో ముఠా కూలీలు బస్తాలు మోసి దుక్కల్లా ఉంటారండీ. మావాళ్ళు చెట్లెక్కే బక్కోళ్ళు. మీ నలుగురూ మా నలుగురూ ఒకటెలా అవుద్ది? న్యాయం ఉండాలి కదండీ."

న్యాయం అన్న మాట వినగానే కమిటీకి ఎక్కడ లేని హుషారు వచ్చింది. గంటసేపు చర్చించారు. ఆ గంటలో, ఆ నలుగురిలో ఎవడైనా కింద పడితే ఏమిటన్న మాట ఒక్క నోటి నుంచి రాలేదు. చివరికి తేల్చింది ఏమిటంటే, రెండు వైపుల మనుషులనూ మామిడికాయల కాటా మీద నిలబెట్టి తూచాలి, మొత్తం సమానం చెయ్యాలి. ఆయన కొట్టేసిన నా రూలు స్థానంలో కొత్త రూలు వచ్చింది. "ముందు బంపరు మీద నలుగురు. ఇరువైపులా బరువు సమానంగా ఉండవలెను." దాన్ని బోర్డు మీద నీలం పెయింటుతో రాసింది కూడా నేనే. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నారు.

మా అన్నయ్య ఆ యార్డులోనే ముఠాలో పనిచేసేవాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. రసాల పెట్టెలు రెండేసి భుజానికెత్తుకుని లారీ మీద నిలబడ్డవాడికి అందించేవాడు. నేను జంక్షన్‌లో జీతం లేకుండా పని నేర్చుకున్న మూడేళ్ళూ మా ఇల్లు నడిచింది ఆ భుజాల మీదే. పోటీ రోజు పొద్దున యార్డుకు వెళ్ళేసరికి ఎర్ర ట్రాక్టర్ తాలూకు నలుగురిలో అతనూ నిలబడి ఉన్నాడు. పక్కకు తీసుకెళ్ళాను.

"అన్నయ్యా, నువ్వెక్కొద్దు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకో."

"ఆయనే పిలిచి అడిగాడ్రా. కాదంటే రేపు యార్డులో పని ఉంటదా?" అన్నాడు. తరవాత నా మెడలో వేలాడుతున్న ఈలను వేలితో తట్టి, "అయినా రిఫరీవి నువ్వేగా. నువ్వుండగా నాకేంటి భయం" అన్నాడు.

కాటా దగ్గర తూకం తమాషాగా సాగింది. ఒక్కొక్కరూ చెప్పులు విడిచి ఎక్కుతున్నారు, నేను బరువు చదువుతున్నాను. చదివిన అంకెను కాయల పెట్టెల మీద గుర్తులు వేసే నల్ల రంగుతో వాళ్ళ బనీను వెనక రాస్తున్నాను. మధ్యలో ఎవరూ మారిపోకుండా ఉండేందుకు అదొక పద్ధతి, అదీ నా ఆలోచనే. నీలం ట్రాక్టర్ వైపు మనిషి ఒకడు బరువు కోసం రెండు చెంబుల నీళ్ళు తాగి వచ్చాడని అందరూ వాణ్ణి ఆటపట్టించారు. అన్నయ్య ఎక్కాడు. డెబ్బై ఎనిమిది. అందరికంటే ఎక్కువ అతనే. చుట్టూ ఉన్న ముఠా వాళ్ళు ఈలలు వేస్తుంటే సిగ్గుపడుతూ దిగి నాకు వీపు తిప్పాడు. రాశాను.

చివరికి లెక్క చూస్తే నీలం వైపు మూడు కిలోలు తక్కువ వచ్చింది. ఒక మనిషి ఒళ్ళో మూడు కిలోల తూకపు రాళ్ళు పెట్టి కూర్చోబెట్టారు. ఆ కమిటీ న్యాయం అంత గొప్పది.

ఇక నా మిగతా రూల్సు సంగతి. పన్నెండు గోనెసంచులు తొట్టిలో నానబెట్టి ఉంచాను. మొదటి జత ట్రాక్టర్లు వచ్చేసరికి తొట్టిలో నాలుగే ఉన్నాయి. జూన్ ఎండ, నేల కాలిపోతోంది, తడి గోనె మీద కూర్చుంటే చల్లగా ఉంటుందని జనం ఎత్తుకెళ్ళి పరుచుకున్నారు. మీ తలకాయలు కాపాడటానికి నానబెట్టానని అరిచాను. "చూడ్డం అయిపోగానే ఇచ్చేస్తాంలేవయ్యా, తినేస్తామా" అన్నాడొక ముసలాయన, కూర్చున్నచోటు నుంచి కదలకుండా. నలభై అడుగుల దూరంలో కట్టిన తాడుకు ఎవరో తువ్వాళ్ళు ఆరేశారు. ప్రతి లాగుడుకీ జనం ముందుకు తోసుకొస్తుంటే తాడు పట్టుకున్నవాళ్ళు కూడా వాళ్ళతో పాటే వచ్చేశారు. చివరి పోటీ సమయానికి నా నలభై అడుగులు పదిహేనయ్యాయి. నా గొంతు పోయింది. నన్ను చూసి జనానికి అదొక వినోదం.

చివరి పోటీ ఎర్ర ట్రాక్టరుకూ నీలం ట్రాక్టరుకూ. మూడు లాగుళ్ళలో రెండు గెలవాలి. మొదటిది నీలం బండి సునాయాసంగా గెలిచింది. వ్యాపారి మొహం మాడిపోయింది. సోడాలు తాగడానికి కాసేపు ఆపారు. రెండో లాగుడుకు ముందు కొక్కేలు చూడ్డానికి వెళ్ళాను. ఎర్ర ట్రాక్టర్ గొలుసు కింద కడ్డీకి లేదు. సీటు కింద, నాగలి పై చెయ్యి తగిలించే చోట, మూరెడు పైకి తగిలించి ఉంది.

అది ఎందుకు చేస్తారో ట్రాక్టర్ తోలేవాళ్ళందరికీ తెలుసు. గొలుసు పైన కడితే లాగేకొద్దీ బరువంతా వెనక టైర్ల మీద పడి అవి నేలను గట్టిగా పట్టుకుంటాయి. బండికి బలం వచ్చినట్టుంటుంది. కాని అంతకంతకూ ముందు భాగం పైకి లేస్తుంది. ఒక్కోసారి బండి వెనక్కి తిరగబడి డ్రైవరు మీదే పడుతుంది. డ్రైవరును అడిగితే అతను నా వంక చూడకుండా వ్యాపారి వంక చూశాడు. వ్యాపారి పందిట్లో కుర్చీలో ఉన్నాడు. అక్కడికి వెళ్ళాను.

"కొక్కెం పైన తగిలించారండీ. కిందికి మార్పించండి. లేకపోతే నేను జెండా ఊపను."

"పైన ఉంటే ఏమవుద్ది?"

"ముందు లేస్తుందండీ."

"లేవకుండా ఉండటానికేగా నలుగుర్ని కూర్చోబెట్టింది" అన్నాడాయన, సోడా సీసా పక్కనపెట్టి. "ఇంతమంది జనం ఎండలో కూర్చున్నారు. చెప్పావు, విన్నాను. ఇక కానియ్."

వెనక్కి వచ్చాను. అన్నయ్య బంపరు మీద ఎడమ చివర కూర్చుని ఉన్నాడు. నేను వ్యాపారి దగ్గరకు వెళ్ళడం, మాట్లాడడం, తిరిగి రావడం అన్నీ చూశాడు. ఏదో సరిచేయించి వచ్చాననుకున్నాడు. నా వైపు చూసి తల ఊపాడు. నేను జెండా ఊపాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని ఊపించలేదు.

ఇంజన్లు రెండూ ఒక్కసారి గర్జించాయి. గొలుసు బిగుసుకుంది. ఎర్ర ట్రాక్టర్ ముందు చక్రాలు జానెడు లేచాయి. నలుగురూ ముందుకు వంగి అణిచారు. మూరెడు లేచాయి. జనం ఈలలు వేశారు. నేనూ ఈల వేశాను, ఊపిరి ఉన్నంతా పెట్టి ఊదాను. అన్ని ఈలల్లో నా ఈల ఒకటి అయిపోయింది. ఆపమని వేసే ఈలకూ ఆనందంతో వేసే ఈలకూ తేడా ఎలా తెలుస్తుందన్నది రూల్సు రాసినప్పుడు నా బుర్రకు తట్టలేదు. చక్రాలు మనిషి ఛాతీ ఎత్తుకు లేచాయి. ముగ్గురు బానెట్‌కు అతుక్కుపోయారు. అన్నయ్య చెయ్యి జారి కింద పడ్డాడు. అదే సమయంలో వెనక టైర్లు పట్టు తప్పి ముందు భాగం దబ్బున నేలకు దిగింది. ఎడమ చక్రం అతని పాదం మీద దిగింది.

బండి వెనక్కి జరిపించి అతన్ని ఇవతలకు లాగాను. పాదం ముందు భాగం నుజ్జయిపోయింది. జెండా గుడ్డ కర్ర నుంచి పీకి చీలమండ పైన బిగించి కట్టాను. అతని తల నా ఒళ్ళో ఉంది. అరవలేదు. పళ్ళు కరుచుకుని నా చొక్కా పట్టుకున్నాడు. వ్యాపారి, కౌలు ఆసామి ఇద్దరూ వచ్చి మా పక్కన నిలబడ్డారు. ఆస్పత్రికి జీపు తెప్పిస్తారనుకున్నాను.

"మావాడొకడు తగ్గాడు. మరి మీ వైపు?" అన్నాడు వ్యాపారి.

"మేమూ ఒకణ్ణి దింపుతాంలెండి. దానికేముంది" అన్నాడు ఆసామి. "వీడి బరువెంత?" అని అడిగాడు వ్యాపారి.

ఇద్దరూ నా వంక చూశారు. లిస్టు నా దగ్గరే ఉంది కదా.

"డెబ్బై ఎనిమిదండీ" అన్నాను.

అండీ కూడా మర్చిపోలేదు.

ఆసామి అటు వెళ్ళి, అంత బరువు మనిషి తమ వైపు లేడని, డెబ్బై ఐదు కిలోల వాణ్ణొకణ్ణీ, వాడి పక్కవాడి ఒళ్ళోని మూడు కిలోల తూకపు రాళ్ళనూ దింపించాడు. జనం అప్పుడు లేచి నా గోనెసంచులు తిరిగిచ్చారు. వాటి మీదే అన్నయ్యను పడుకోబెట్టి, కాయలు తోలే వ్యానులోకి ఎక్కించాం. వ్యాను యార్డు గేటు దాటుతుండగా వెనక మళ్ళీ ఇంజన్లు మొదలయ్యాయి. రిఫరీ లేకుండానే మిగతాది కానిచ్చారు. ఎర్ర ట్రాక్టరే గెలిచిందట. షీల్డు చాలా ఏళ్ళు ఆ కమీషన్ కొట్టు గోడకు వేలాడింది.

నూజివీడులో కట్టు కట్టి బెజవాడ పంపారు. అక్కడ పాదం ముందు సగం తీసేశారు. నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. బనీను మీద నేను రాసిన అంకె వదిన ఎంత ఉతికినా పోలేదు. విసుగొచ్చి చింపేసి నా షెడ్డుకు పంపింది, గ్రీజు తుడుచుకోవడానికి. అన్నయ్య కూడా ఇక ముఠా పని చెయ్యలేక నా షెడ్డుకే వచ్చాడు. ఒక స్టూలు మీద కూర్చుని కిరసనాయిల్లో బోల్టులూ బేరింగులూ కడిగేవాడు. పెట్టెలు రెండేసి ఎత్తిన చేతులతో చిన్న చిన్న సామాను కడుగుతుంటే నేను అటు చూడకుండా పని చేసుకునేవాణ్ణి.

మరుసటి ఏడు కోతలు అవుతుండగా వ్యాపారి జీపులో మా షెడ్డుకొచ్చాడు. ఒక బుట్ట చిన్నరసాలు దింపించాడు. అన్నయ్యను పలకరించాడు, కాలెలా ఉందన్నాడు. జేబులోంచి ఒక కాగితం తీసి నాకిచ్చాడు.

"బోర్డు మీద ఇదొకటి కలిపి రాసిపెట్టు. నీ రాత బాగుంటుంది."

చదివాను. "బరువు మనిషి పోటీ మధ్యలో పడిపోయినచో, రెండవ పక్షము నుండి అంతే బరువు గల మనిషిని దింపి పోటీ కొనసాగించవలెను."

"పోయినేడు ఆ పది నిమిషాలూ గందరగోళం అయింది కదా" అన్నాడు. "ముందే రాసుకుంటే గొడవుండదు."

ఏడాదిగా లోపల దాచుకున్నదంతా బయటికొచ్చింది. కాగితం చింపి ఆయన చెప్పుల మీద వేశాను. రసాల బుట్ట తీసుకెళ్ళి జీపులో పడేశాను. "ఒక మనిషి కాలు నుజ్జయి నేల మీద పడుంటే పక్కన నిలబడి వాడి బరువెంతని అడిగారు మీరు. మీకు మనుషులు కనబడరు, కిలోలు కనబడతాయి. కొక్కెం కింద పెట్టించమంటే సోడా తాగారు. ఇంకోసారి నా షెడ్డు గడప తొక్కితే మర్యాద దక్కదు" అని రోడ్డు మీద అందరూ వినేలా అరిచాను. చుట్టుపక్కల కొట్లవాళ్ళు బయటికొచ్చి చూశారు. ఆయన జీపెక్కి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళంతా తేలికైంది. ఏడాది తరవాత మొదటిసారి అన్నయ్య మొహంలోకి నేరుగా చూడగలిగాను. చూశావా, నీ కోసం ఎలా నిలదీశానో అన్నట్టు చూశాను.

అతను కిరసనాయిల్లో చేతులుంచి ఒక బోల్టు మరలను తుడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఆయన అడిగాడు" అన్నాడు. "చెప్పింది నువ్వు. నేను నీ ఒళ్ళోనే ఉన్నాన్రా, విన్నాను. తడుముకోను కూడా లేదు నువ్వు."

అతను కడిగిన బోల్టును నా చేతిలో పెట్టి, ఇంకొకటి అందుకున్నాడు.